ఐదు నదుల పంజాబ్ మ్యాపులో రెండే నదులు కనిపిస్తే పిల్లలకు ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పంజాబ్ అంటే ఐదు నదుల నేల అని తొమ్మిదో తరగతిలో చెప్పగానే ఒక పాప అట్లాసు తెరిచి, "పంజాబ్‌లో రెండే ఉన్నాయి మేడమ్, మూడోది అంచు మీద ఉంది" అంది. ఇంకో అబ్బాయి సింధునది కూడా కలిపితే ఆరు కదా అన్నాడు. ఈ వారంలో పిల్లల చేత పెద్ద చార్టు ఒకటి గీయించాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? రెండు పంజాబులకూ ఏమని పేర్లు రాయాలి? సరిహద్దు తప్పుగా గీస్తే ఇబ్బంది వస్తుందా?
ఒక ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

సమాధానం: మీ విద్యార్థిని చూసింది నిజమే. మన దేశంలోని పంజాబ్ రాష్ట్రం లోపలి నుంచి పారేవి సట్లెజ్, బియాస్ రెండే. రావి వాయవ్యపు అంచును ఒరుసుకుంటూ పోతుంది. చీనాబు, ఝీలం ఆ రాష్ట్రాన్ని తాకనే తాకవు. పోనీ పాకిస్తాన్ పంజాబ్‌లోనైనా ఐదూ ఉన్నాయా అంటే అక్కడా లేవు. బియాస్ సరిహద్దు దాటకముందే సట్లెజ్‌లో కలిసిపోతుంది కాబట్టి అటువైపు ఝీలం, చీనాబు, రావి, సట్లెజ్ నాలుగే. పేరు చెప్పే ఐదు నదులూ ఒకే ప్రభుత్వం కింద ఉన్న పంజాబ్ ఇవాళ ఎక్కడా లేదు. పిల్లలకు మొదట చెప్పవలసిన మాట ఇదే.

అందుకని మీ చార్టు రాష్ట్రం హద్దుతో మొదలుపెట్టకండి. ముందు నదులు, తర్వాత అవి కలిసే చోట్లు, తర్వాత వాటి నడుమ నేలలు, అన్నిటికంటే చివర సరిహద్దులు గీయించండి. పంజాబ్ అనేది ఒక నదుల అల్లికకు వచ్చిన పేరు. ప్రభుత్వాలు ఆ పేరును ఒకసారి పెద్ద ప్రాంతానికీ ఒకసారి చిన్న ప్రాంతానికీ వాడుకుంటూ వచ్చాయి. హద్దు ముందు గీసి అందులో నదులు వెతికితే మీ పాపకు వచ్చిన సందేహమే అందరికీ వస్తుంది. నదులు ముందు గీస్తే ఆ సందేహానికి జవాబు కాగితం మీదే కనిపిస్తుంది.

వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వరుస ఇది: ఝీలం, చీనాబు, రావి, బియాస్, సట్లెజ్. మన పురాణాలు విన్నవాళ్లకు ఇవి కొత్తవి కావు. వితస్త, చంద్రభాగ, ఇరావతి, విపాశ, శతద్రువు అన్నవి ఇవే. పారశీకంలో పంజ్ అంటే ఐదు, ఆబ్ అంటే నీరు. ఆ పేరు రాకముందే మహాభారతం ఈ ప్రాంతాన్ని పంచనదం అంది. ఇక్కడ రెండు చోట్ల పిల్లలు పొరబడతారు. పండరిపురంలో మనవాళ్లు స్నానం చేసే చంద్రభాగ వేరు, అది భీమా నది. బర్మాలోని ఇరావతి వేరు. పేరొక్కటే కానీ వాటికీ ఈ నదులకూ సంబంధం లేదు.

ఇక ఆరో నది సంగతి. ఆ అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. ఋగ్వేదం సప్తసింధువులు అంటుంది, అక్కడ సింధునది లెక్కలో ఉంది. పంజాబ్ అన్న పేరులో మాత్రం లేదు. ఎందుకో చెప్పాలంటే సంగమాలు చూపించాలి. ఐదు నదులూ ఒకదానిలో ఒకటి కలుస్తూ పోయి ఒకే ప్రవాహమై, ఆ తర్వాతే సింధులో పడతాయి. సింధువు ఈ కుటుంబాన్నంతటినీ చివర తనలో కలుపుకునే నది. ఐదింటిలో ఏ ఒక్కటీ నేరుగా, విడిగా సింధులోకి పోదు.

సంగమాల క్రమం జాగ్రత్తగా రాసుకోండి, చార్టుకు ప్రాణం ఇదే. తూర్పున బియాస్ వచ్చి హరికే దగ్గర సట్లెజ్‌లో కలుస్తుంది. ఇది మన పంజాబ్‌లోనే, తరన్ తారన్, ఫిరోజ్‌పూర్ జిల్లాల మధ్య. పశ్చిమాన ఝీలం వచ్చి త్రిమ్మూ దగ్గర చీనాబులో కలుస్తుంది. అది పాకిస్తాన్‌లోని ఝంగ్ జిల్లా. అక్కడి నుంచి దిగువన, ముల్తానుకు ఎగువన, రావి కూడా చీనాబులోనే కలుస్తుంది. మూడు నదుల నీరు మోస్తున్నా పేరు చీనాబే. అలాగే హరికే తర్వాత రెండు నదుల నీరున్నా పేరు సట్లెజే. ఈ రెండు పెద్ద పాయలూ ఉచ్ షరీఫ్ దగ్గర ఒకటవుతాయి. అక్కడి నుంచి దాని పేరు పంజ్‌నద్. ఐదు నదులూ నిజంగా ఒకే గట్ల మధ్య పారేది ఇక్కడొక్కచోటే, సుమారు 70 కిలోమీటర్లు మాత్రమే. తర్వాత మిఠన్‌కోట్ దగ్గర సింధులో కలిసిపోతుంది. పంజాబ్ అన్న పేరుకు పూర్తి అర్థం దొరికే చోటు చూపించమని ఎవరైనా అడిగితే ఆ 70 కిలోమీటర్ల ముక్క చూపించండి. అది పాకిస్తాన్ పంజాబ్ నైరుతి మూలలో ఉంది, మన అట్లాసుల్లో చాలావాటిలో దానికి పేరు కూడా వేయరు.

ఇప్పుడు గీయడం. మామూలు చార్టు 56 సెంటీమీటర్ల వెడల్పు, 71 పొడవు ఉంటుంది. దానిలో 48 వెడల్పు, 49 ఎత్తు ఉన్న చట్రం పెన్సిలుతో గీయండి. ఎడమ అంచు 70 డిగ్రీల తూర్పు రేఖాంశం, కుడి అంచు 78. కింది అంచు 28 డిగ్రీల ఉత్తర అక్షాంశం, పై అంచు 35. అడ్డంగా డిగ్రీకి 6 సెంటీమీటర్లు, నిలువుగా డిగ్రీకి 7. రెండూ ఒకే కొలత ఎందుకు కాదో పిల్లలు తప్పకుండా అడుగుతారు. అక్షాంశాల మధ్య డిగ్రీకి దూరం ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లే. రేఖాంశాలు మాత్రం ధ్రువం వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. 31 డిగ్రీల దగ్గర వాటి మధ్య దూరం 95 కిలోమీటర్లు. 95కీ 111కీ ఉన్న నిష్పత్తే 6కీ 7కీ ఉంది. రెండు వైపులా ఒకే కొలత పెడితే పంజాబ్ అడ్డంగా సాగిపోయినట్టు వస్తుంది. ఇలా గీస్తే చార్టు మీద 1 సెంటీమీటరు నేల మీద దాదాపు 16 కిలోమీటర్లు.

చట్రం ఎడమ కింది మూల నుంచి కుడికి ఎంత, పైకి ఎంత అన్న లెక్కన చుక్కలు పెట్టించండి. అన్నీ సెంటీమీటర్లే. ముందు సంగమాలు: హరికే కుడికి 29.7, పైకి 22. త్రిమ్మూ 12.9, 22. రెండూ ఒకే ఎత్తులో పడ్డాయో లేదో చూసుకోండి, పడకపోతే కొలత తప్పినట్టే. రావి, చీనాబు కలిసే చోటు 11, 18.3. ఉచ్ షరీఫ్ దగ్గరి పంజ్‌నద్ బరాజ్ 6, 9.5. మిఠన్‌కోట్ 2.2, 6.7. తర్వాత లాహోరు 26, 24.9, అమృత్‌సర్ 29.2, 25.4 పెట్టి వాటి మధ్య స్కేలు పెట్టి కొలవమనండి. 3.2 సెంటీమీటర్ల చుట్టుపక్కల రావాలి. అంటే సుమారు 50 కిలోమీటర్లు, నిజం దూరం కూడా అంతే. ఈ సరిచూపు అయ్యాకే నదులకు రంగు ముట్టుకోనివ్వండి.

ఝీలం వేరినాగ్‌లో పుడుతుంది (31.5, 38.7). శ్రీనగర్ (28.8, 42.6), వులర్ సరస్సు మీదుగా పడమరకు పోయి ముజఫరాబాద్ (20.8, 44.6) దగ్గర ఒక్కసారిగా దక్షిణానికి తిరుగుతుంది. మంగ్లా (21.8, 36), ఖుషాబ్ (14.1, 30.1) దాటి త్రిమ్మూ చేరుతుంది. పిల్లలు ముజఫరాబాద్ మలుపును గుండ్రంగా, వదులుగా గీసేస్తారు. అది బిగుతుగా ఉండాలి, లేకపోతే నది పోయి సింధుకు అతుక్కుంటుంది.

చీనాబుకు పుట్టుక ఒకచోట కాదు. హిమాచల్‌లోని లాహౌల్‌లో చంద్ర, భాగ అనే రెండు నదులు తాండీ (41.9, 31.9) దగ్గర కలిస్తే చంద్రభాగ. అక్కడి నుంచి వాయవ్యంగా పోయి కిష్త్‌వాడ్ (34.6, 37.2) దగ్గర దక్షిణానికి తిరిగి, అఖ్నూర్ (28.4, 34.3), మరాలా (26.8, 32.7), చినియోట్ (17.9, 26) మీదుగా త్రిమ్మూకు వస్తుంది. రావి చంబా (36.8, 31.9), మాధోపూర్ (33.6, 30.6), లాహోరు, బల్లోకీ (23.2, 22.5), సిధ్నాయి (13, 18) మీదుగా చీనాబులో పడుతుంది. బియాస్ పుట్టేది బియాస్ కుండ్ (42.5, 30.5) దగ్గర. మనాలి దాటి మండి (41.6, 26) దాకా దక్షిణానికి దిగి, పడమరకు తిరిగి పోంగ్ డ్యామ్ (35.7, 27.8), అక్కడి నుంచి హరికే.

ఇక్కడ కాసేపు ఆగి తాండీ, బియాస్ కుండ్ చుక్కలు రెండూ చూపించండి. చార్టు మీద వాటి మధ్య 2 సెంటీమీటర్లు కూడా లేదు. రోహ్‌తాంగ్ కనుమకు ఇటు కురిసిన మంచు బియాస్‌లోకి, అటు కురిసినది చంద్ర నదిలోకి పోతుంది. ఇటు నీరు హరికే మీదుగా సట్లెజ్ అయి, అటు నీరు కిష్త్‌వాడ్, అఖ్నూర్, త్రిమ్మూ తిరిగి, మళ్లీ ఉచ్ షరీఫ్ దగ్గరే ఒకదాన్నొకటి చూస్తాయి. ఆ రెండు దారులనూ వేలితో గీయమనండి. నదీ వ్యవస్థ అన్న మాటకు నిర్వచనం బట్టీ పట్టించాల్సిన పని తప్పుతుంది.

సట్లెజ్ మాత్రం మన చట్రం బయట, టిబెట్‌లో మానససరోవరం పక్కనున్న రాక్షసతాల్ దగ్గర మొదలవుతుంది. అందుకని కుడి అంచు మీద 24.5 ఎత్తులో మొదలుపెట్టి ఒక బాణం గుర్తు పెట్టండి. భాఖ్రా (38.6, 23.9), రోపడ్ (39.2, 20.8), ఫిల్లౌర్ (34.7, 21.1), హరికే, ఫిరోజ్‌పూర్ (27.6, 20.5), సులేమాంకీ (23.2, 16.7), బహావల్‌పూర్ (10.1, 9.8), అక్కడి నుంచి ఉచ్. రోపడ్ దగ్గర కొండలు వదిలి పడమరకు తిరిగే మలుపు మరచిపోవద్దు. సింధునదికి వేరే రంగు వాడండి: అటక్ (13.5, 41.3), కాలాబాగ్ (9.3, 34.7), తౌన్సా (5.1, 17.5), మిఠన్‌కోట్. ఐదింటికీ నీలం, సింధుకు ఆకుపచ్చ పెడితే ఆరో నది సందేహం దానంతట అదే తీరుతుంది.

పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఐదు గీతలను చేతివేళ్లలా సమాంతరంగా గీసి ఐదింటినీ సింధులో కలపడం. రెండోది బియాస్‌ను పాకిస్తాన్‌లోకి పొడిగించడం. బియాస్ పాత పడక ఒకటి అటువైపు ఎండిపోయి ఉంది, ఒకప్పుడు నది సట్లెజ్‌లో కలవకుండా విడిగా అంతదూరం పారేది. పాత మ్యాపు చూసి గీస్తే ఆ గీత వస్తుంది. ఇప్పటి చార్టులో అది ఉండకూడదు.

నదుల తర్వాత వాటి నడుమ నేల. పంజాబీలు తమ ఊరు ఎక్కడంటే జిల్లా కంటే ముందు చెప్పేది దీన్నే. రెండు నదుల మధ్య నేలను దోఆబ్ అంటారు. కృష్ణా తుంగభద్రల మధ్య గద్వాల, అలంపురం ప్రాంతాన్ని మనం నడిగడ్డ అంటామే, సరిగ్గా అదే. ఈ దోఆబ్‌ల పేర్లు రెండు నదుల పేర్లలోంచి అక్షరాలు తీసి అతికినవి, అక్బరు కాలం నాటివని చెబుతారు. బియాస్, సట్లెజ్ మధ్యది బిస్త్ దోఆబ్: జలంధర్, కపుర్తలా, హోషియార్‌పూర్. బియాస్, రావి మధ్యది బారీ: అమృత్‌సర్, గుర్‌దాస్‌పూర్, లాహోరు. రావి, చీనాబు మధ్యది రచ్‌నా: సియాల్‌కోట్, గుజ్రన్‌వాలా, ఫైసలాబాద్. చీనాబు, ఝీలం మధ్యది చజ్: గుజ్రాత్, సర్గోధా. ఝీలం, సింధు మధ్యది సింధ్ సాగర్, మిగతా నాలుగింటిలా సారవంతం కాదు, అందులో పెద్ద భాగం థల్ ఎడారి. సట్లెజ్‌కు దక్షిణాన లూధియానా, పటియాలా, బఠిండా ఉన్న నేల దోఆబ్ కాదు, దాన్ని మాల్వా అంటారు. మన పంజాబ్‌లో ఇవాళ్టికీ వాడుకలో ఉన్న మూడు పేర్లు మాఝా (బారీలో మనవైపు భాగం), దోఆబా (బిస్త్), మాల్వా. ఎన్నికల వార్తల్లో మీరూ వినే ఉంటారు.

బారీ దోఆబ్‌ను ఇంకో రంగుతో నింపించండి. 1947 గీత పడింది సరిగ్గా దాని మీదనే. లాహోరు, అమృత్‌సర్ ఒకే నడిగడ్డ మీద, నడుమ ఏ నదీ లేకుండా పెరిగిన ఊళ్లు. రెండు దేశాల మధ్య ఏదో పెద్ద నది అడ్డంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అట్టారీ, వాఘా దగ్గర ఉన్నది గోధుమ చేలు.

సరిహద్దు గీయడానికి సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే బ్రిటిష్ న్యాయవాది 1947 జులై 8న వచ్చాడు. అంతకుముందు ఆయన ఈ దేశం చూడలేదు. పంజాబ్ సరిహద్దు కమిషన్‌లో ఆయనతో పాటు నలుగురు న్యాయమూర్తులు: మెహర్ చంద్ మహాజన్, తేజా సింగ్, దీన్ మొహమ్మద్, మొహమ్మద్ మునీర్. ఇద్దరిద్దరుగా విడిపోవడంతో తీర్పు ఆయనొక్కడిదే అయింది. దాన్ని బయటపెట్టింది ఆగస్టు 17న. స్వాతంత్ర్యం వచ్చి రెండు రోజులయినా తమ ఊరు ఏ దేశంలో ఉందో గుర్‌దాస్‌పూర్ వాళ్లకూ లాహోరు వాళ్లకూ అధికారికంగా తెలియదు. ఈ ఒక్క వాస్తవాన్ని తేదీలతో బోర్డు మీద రాస్తే చాలు, జనం ఎందుకు అంత భయంతో కదిలారో పిల్లలకు అర్థమవుతుంది.

ఆ గీత నది వెంట పోలేదు, తాలూకా హద్దుల వెంట పోయింది. గుర్‌దాస్‌పూర్ జిల్లాలో నాలుగు తహసీళ్లుంటే రావికి ఆవల ఉన్న శకర్‌గఢ్ పాకిస్తాన్‌కు, పఠాన్‌కోట్, గుర్‌దాస్‌పూర్, బటాలా మనకు వచ్చాయి. లాహోరు జిల్లాలోని కసూర్ తహసీలును మాత్రం మధ్యకు కోశారు. పట్టీ, ఖేమ్ కరణ్ ఇటు పడ్డాయి. కొన్ని చోట్ల నదే సరిహద్దని పుస్తకాల్లో రాస్తారు కానీ, తీర్పులో రావి, ఉఝ్ నదుల దగ్గర నది పారే దారి కాదు, తహసీలు హద్దే సరిహద్దు అని స్పష్టంగా ఉంది. కారణం తెలిసిందే. ఈ నదులు వానాకాలానికో దారి మారుస్తాయి, హద్దు మాత్రం కదలకూడదు. అందుకే రావి వెంట భారత భూమి కొంత నదికి అవతల, పాకిస్తాన్ భూమి కొంత ఇవతల కనిపిస్తుంది. చార్టులో సరిహద్దును నది మీదే గీయకండి, దాన్ని అటూ ఇటూ దాటుతూ పోయే తెగిన గీతలా గీయండి. డేరా బాబా నానక్, అట్టారీ, ఖేమ్ కరణ్, ఫాజిల్కా నాలుగూ గీతకు మనవైపు, గీతకు బాగా దగ్గరగా ఉండాలి.

పేర్లు ఎలా రాయాలన్న ప్రశ్నకు: రెండింటికీ ఇవాళ అధికారిక నామం పంజాబే. బెంగాల్ విడిపోయినప్పుడు మనవైపు ముక్కకు పశ్చిమ అన్న మాట నిలిచిపోయింది. ఇక్కడ అలా కాలేదు. మనవైపు 1947 నుంచి తూర్పు పంజాబ్ అని ఉండి, 1950లో రాజ్యాంగం అమల్లోకి రాగానే తూర్పు పోయింది. అటువైపు పశ్చిమ పంజాబ్ 1955లో పేరుతో సహా మాయమై పశ్చిమ పాకిస్తాన్‌లో కలిసిపోయింది. 1970 జులైలో పంజాబ్ అన్న పేరుతో మళ్లీ వచ్చింది, వస్తూ బహావల్‌పూర్ సంస్థానపు నేలను కూడా కలుపుకుంది. కనుక ఇప్పటి మ్యాపులో "పంజాబ్ (భారత్)", "పంజాబ్ (పాకిస్తాన్)" అని రాయండి. 1947కు ముందుదానికి "ఉమ్మడి పంజాబ్" అనండి. ఉమ్మడి రాష్ట్రం అంటే ఏమిటో మన పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. జాతీయ గీతంలో వాళ్లు పాడే పంజాబ కూడా ఆ ఉమ్మడిదే, అది 1911 నాటి పాట.

హద్దుల కోసం మూడు పారదర్శక షీట్లు కొనండి, ట్రేసింగ్ పేపరైనా పర్వాలేదు. నదుల చార్టు కింద అలాగే ఉంటుంది, షీట్లు ఒకదాని మీద ఒకటి వాలుతాయి. మొదటి దాని మీద బ్రిటిష్ కాలపు పంజాబ్. 1849 మార్చిలో సిక్కు రాజ్యాన్ని కలుపుకున్నాక బ్రిటిష్ వాళ్లు 1858లో హిసార్, రోహ్‌తక్, గుర్‌గావ్, కర్నాల్, ఢిల్లీ ప్రాంతాలను కూడా దీనికి అంటించారు. వీటికి ఐదు నదులతో ఏ సంబంధమూ లేదు, ఇవి యమున వైపు నేలలు. ఢిల్లీని రాజధానిగా ప్రకటించాక దాన్ని మాత్రం మళ్లీ విడదీశారు. రెండో షీటు 1947. మూడోది 1966 నవంబరు 1: హిందీ మాట్లాడే జిల్లాలతో హర్యానా ఏర్పడింది, కొండ ప్రాంతాలు హిమాచల్‌కు పోయాయి, చండీగఢ్ కేంద్రపాలిత ప్రాంతమై రెండు రాష్ట్రాలకూ రాజధానిగా ఉండిపోయింది. హైదరాబాదు పదేళ్ల ఉమ్మడి రాజధానిగా ఉండడం చూసిన మనకు ఆ ఏర్పాటు ఇన్ని దశాబ్దాలు సాగడం వింతగా అనిపిస్తుంది, కానీ అక్కడ ఇంకా అలాగే ఉంది. మూడు షీట్లూ వాల్చాక మిగిలే మన పంజాబ్ 50,362 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కూడా లేదు. అవతలిది 2,05,344.

నీళ్ల సంగతి ఒక పీరియడ్ అంతా తీసుకుంటుంది, అయినా వదలొద్దు. విభజన గీత కాలువల్ని కూడా కోసింది. రావి నీటిని కాలువల్లోకి మళ్లించే మాధోపూర్ హెడ్‌వర్క్స్ మనవైపు, దాని కాలువలు తడిపే పొలాల్లో కొంతభాగం లాహోరు వైపు. 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ ప్రభుత్వం ఆ నీటిని ఆపింది, మే 4న తాత్కాలిక ఒప్పందం కుదిరింది. చివరికి 1960 సెప్టెంబరు 19న కరాచీలో ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో నెహ్రూ, అయూబ్ ఖాన్ సింధు జలాల ఒప్పందం మీద సంతకాలు చేశారు. రావి, బియాస్, సట్లెజ్ మనకు, సింధు, ఝీలం, చీనాబు వాళ్లకు. మన వాటా నీరు హరికే దగ్గర ఇందిరాగాంధీ కాలువలోకి మళ్లి బికానేర్, జైసల్మేర్ ఎడారి దాకా పోతోంది. అటువైపు రావి, సట్లెజ్ పొలాలు ఎండకుండా ఝీలం, చీనాబు నీటిని లింకు కాలువలతో తూర్పుకు తెచ్చారు. ఖాదిరాబాద్ నుంచి బల్లోకీకి, బల్లోకీ నుంచి సులేమాంకీకి. కాబట్టి సులేమాంకీ దిగువన సట్లెజ్ కాలువల్లో మామూలు రోజుల్లో పారే నీరు చాలావరకు పడమటి నదులది. చార్టు మీద ఈ కాలువల్ని సన్నని ఎర్ర గీతలతో వేయండి. నదులన్నీ నైరుతికి పారుతుంటే అవి వాటికి అడ్డంగా ఆగ్నేయానికి పోతాయి. 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్ దాడి తర్వాత ఒప్పందాన్ని నిలుపుదలలో పెడుతున్నట్టు మన ప్రభుత్వం ప్రకటించిందని కూడా చెప్పాలి, పిల్లలు వార్తల్లో విని అడుగుతారు. అదే ఏడాది ఆగస్టులో రావి, సట్లెజ్ పొంగి గీతకు రెండువైపులా ఊళ్లను ముంచాయి.

సరిహద్దు విషయంలో మీ జాగ్రత్త సరైనదే. భారతదేశపు బయటి సరిహద్దు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుకు భిన్నంగా ఉన్న మ్యాపును ప్రచురించడం 1961 నాటి క్రిమినల్ చట్ట సవరణ కింద నేరం. గోడ మీది బడి చార్టు ఒకటి, దాన్ని ఫోటో తీసి స్కూలు పేజీలో పెట్టడం ఒకటి. రెండోది ప్రచురణ అవుతుందని అనుకుని నడుచుకోండి. సర్వే ఆఫ్ ఇండియా తన వెబ్‌సైట్లో అవుట్‌లైన్ మ్యాపులు ఉచితంగా ఇస్తుంది, బయటి సరిహద్దును వాటిలోంచే ఎత్తి గీయించండి. ఫోన్లో దొరికే విదేశీ మ్యాపుల్లో జమ్మూ కశ్మీర్ దగ్గర తెగిన గీతలుంటాయి, అక్కడే పొరపాటు జరుగుతుంది. మన అధికారిక మ్యాపు ప్రకారం ముజఫరాబాద్, మంగ్లా రెండూ భారత సరిహద్దు లోపలే. అంటే ఝీలం మంగ్లా దాటాకే గీత అవతలికి పోవాలి. రెండు పంజాబుల మధ్య గీతలో మాత్రం ఏ వివాదమూ లేదు.

పేర్లు రాయించేటప్పుడు చివరగా మూడు చూసుకోండి. గుజ్రాత్ అన్నది పాకిస్తాన్ పంజాబ్‌లో చీనాబు ఒడ్డున ఉన్న ఊరు, మన గుజరాత్ రాష్ట్రం కాదు. పిల్లలు ఒత్తు తీసేసి మొత్తం మార్చేస్తారు. కర్తార్‌పుర్‌లు రెండున్నాయి. ఒకటి జలంధర్ జిల్లాలో. ఇంకోటి గురునానక్ చివరి రోజులు గడిపిన కర్తార్‌పుర్ సాహిబ్, రావికి అవతల నారోవాల్ జిల్లాలో, డేరా బాబా నానక్‌కు ఎదురుగా సరిహద్దుకు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో. 2019 నవంబరు 9న కారిడార్ తెరిచింది అక్కడికే. ఇక సట్లెజ్‌ను సట్లజ్ అనీ, చీనాబును చినాబ్ అనీ పుస్తకానికొక రకంగా రాస్తారు. మీ పాఠ్యపుస్తకంలో ఎలా ఉందో చూసి, చార్టంతా ఆ ఒక్క రూపమే వాడండి.